పొద్దు గూకినాక పడమర దిక్కు చూడండి

పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, విద్యార్థులకు నమస్కారం.

ఆకాశం చూడాలంటే బాగా చీకటి పడాలని, ఊరికి దూరంగా పోవాలని చాలామంది అనుకుంటారు. పాలపుంత కోసమైతే నిజమే, పాకాల వైపో లక్నవరం వైపో పోవాల్సిందే. కానీ బుధుడు, శుక్రుడు మన కంటే సూర్యుడికి దగ్గరగా తిరిగే గ్రహాలు. మనం చూసేటప్పుడు బుధుడు సూర్యుడి నుంచి 28 డిగ్రీలకు మించి పక్కకు జరగడు, శుక్రుడు 47 డిగ్రీలకు అటూ ఇటూ ఆగిపోతాడు. చీకటి చిక్కబడేసరికి బుధుడు అస్తమించి ఉంటాడు, లేదా అస్తమించబోతూ ఉంటాడు. కాబట్టి బుధుణ్ణి చూడాలంటే సంధ్య వేళే చూడాలి. హన్మకొండ నడిబొడ్డున వీధి దీపాల మధ్య ఉన్న డాబా మీంచి కూడా చూడొచ్చు. పడమర అడ్డం లేకుంటే చాలు. అడ్డం ఉంటే భద్రకాళి చెరువు కట్టో, పద్మాక్షి గుట్టో ఎక్కండి.

ఈ పనికి వరంగల్ చాలా మంచి చోటు. మనం 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాం. గ్రహాలన్నీ ఆకాశంలో దాదాపు ఒకే దారి వెంట, సూర్యుడు నడిచే క్రాంతివృత్తం వెంట ఉంటాయి. మార్చి సాయంత్రాల్లో ఆ దారి మన పడమటి అంచు మీద దాదాపు నిట్టనిలువుగా నిలబడుతుంది. బుధుడు సూర్యుడికి 18 డిగ్రీల దూరంలో ఉన్నాడంటే, ఆ దూరమంతా మనకు ఎత్తుగా అక్కరకొస్తుంది. లండన్‌లో సెప్టెంబరు సాయంత్రం అదే దారి నేలకు 15 డిగ్రీల వాలులో ఉంటుంది. అక్కడ బుధుడు ఎంత దూరం జరిగినా నేలను అంటిపెట్టుకునే ఉంటాడు. మనకు సెప్టెంబరులో కూడా ఆ వాలు 48 డిగ్రీలు. బుధుణ్ణి చూడడం మహా కష్టమని చలిదేశాల వాళ్ళు రాసింది చదివి మన పిల్లలు ముందే ఆశ వదులుకోవడం నాకు బాధగా ఉంటుంది. ఆ కష్టం వాళ్ళది, మనది కాదు.

మన ఇబ్బందులు మబ్బు, దుమ్ము. వేసవి ముదిరితే దుమ్ము, పొలాల్లో గడ్డి కాల్చిన పొగ పడమటి అంచును మూసేస్తాయి. వానాకాలం సంగతి తెలిసిందే. అయితే వాన వెలిసి మబ్బు విడిపోయిన సాయంత్రం గాలి ఎంత తేటగా ఉంటుందో చూస్తే ఆశ్చర్యపోతారు. ఫిబ్రవరి, మార్చి నెలలను మాత్రం వదలొద్దు.

మార్చి మధ్యలో ఇక్కడ పొద్దు 6:25 ప్రాంతంలో గూకుతుంది. సూర్యుడు ఎక్కడ దిగాడో గుర్తు పెట్టుకోండి, తాటిచెట్టు కావచ్చు, సెల్ టవర్ కావచ్చు. అరగంట ఆగండి. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు 10 డిగ్రీలు. ఆ గుర్తు పైన సుమారు ఒక పిడికిలి ఎత్తులో వెతకండి. గ్రహాలు మిణుకుమనవని బడిలో చెప్తాం కదా, అంత కిందికి ఉన్న బుధుడు మిణుకుమంటాడు కూడా. కనుక నక్షత్రమనుకుని వదిలేయకండి.

ఎప్పుడు వెతకాలన్నది ఇంకా ముఖ్యం. బుధుడి సాయంత్రపు దర్శనం సగటున 116 రోజులకోసారి వస్తుంది. సూర్యుడికి ఎక్కువ దూరం జరిగే తేదీ తెలుసుకుని, దానికి ముందు వారంలోనే చూడండి. ఆ తర్వాత బుధుడు మన వైపు వస్తూ నెలవంకలా సన్నబడి, రోజురోజుకూ మసకబారతాడు. తెల్లవారుజామున దర్శనమైతే దీనికి తిరుగు, ఆ తేదీ దాటిన వారమే మంచిది.

బైనాక్యులర్ ఉంటే పని సులువవుతుంది. కానీ సూర్యుడు పూర్తిగా దిగేదాకా దాన్ని కళ్ళకు పెట్టొద్దు. తెల్లవారుజామున ప్రమాదం మరీ ఎక్కువ, వెతుకుతూ వెతుకుతూ ఉండగానే సూర్యుడు ఎదురొస్తాడు. సూర్యోదయానికి పావుగంట ముందే పక్కన పెట్టేయండి. పిల్లల చేతికిస్తే పెద్దవాళ్ళు పక్కనే ఉండాలి.

శుక్రుణ్ణి వెతకనక్కర్లేదు, తనే కనిపిస్తాడు. మన వేగుచుక్క ఈ శుక్రుడే. 2023 మార్చి 1న గురుడి పక్కన, అదే నెల 24న నెలవంక పక్కన ఎలా మెరిశాడో చాలామందికి గుర్తుండే ఉంటుంది. టెలిస్కోపుతో చూసేవాళ్ళు చీకటి పడేదాకా ఆగకూడదు. నల్లటి ఆకాశంలో ఆ వెలుగు కళ్ళు చెదరగొట్టి ఆకారాన్ని కమ్మేస్తుంది. వెలుతురు ఇంకా ఉండగా చూస్తే, 1610లో గెలీలియో చూసిన శుక్రకళలు, అంటే చంద్రుడిలా పెరిగి తరిగే ఆకారాలు, స్పష్టంగా తెలుస్తాయి. ఎనిమిదేళ్ళకోసారి శుక్రుడు దాదాపు అవే తేదీల్లో అదే చోటికి వస్తాడు. 2023 వేసవి సాయంత్రాల్లో చూసినదాన్ని 2031లో మళ్ళీ చూడొచ్చు.

ఇప్పుడు నాకు అన్నింటికంటే ఇష్టమైన సంగతి. పెండ్లి కుదిరిన ఇంట్లో "మూఢాలు ఎప్పుడు పోతాయి?" అని అడగడం మనకు మామూలే. గురుడో శుక్రుడో సూర్యకాంతిలో కలిసిపోయి కనిపించని రోజులవి. శుక్రుడు సూర్యుడికి అవతల ఉన్నప్పుడు మూఢం నెలల లెక్కన సాగుతుంది, ఇవతల ఉన్నప్పుడు రోజుల్లోనే ముగుస్తుంది. ముహూర్తాల నమ్మకం ఎవరిష్టం వారిది. మన పాత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం మాత్రం ఈ రోజులకు కొలతలిచ్చింది: గురుడికి 11 కాలాంశలు, శుక్రుడికి 10, వక్రగతిలో (వెనక్కి నడుస్తున్నట్టు కనిపించేటప్పుడు) ఉంటే 8, శనికి 15, కుజుడికి 17. ఒక కాలాంశ అంటే నాలుగు నిమిషాలు. అంటే పొద్దు గూకిన 44 నిమిషాల్లోపే గురుడు కూడా అస్తమిస్తుంటే, ఇక కంటికి ఆనడని అర్థం. వెలుగు ఎక్కువున్న గ్రహానికి చిన్న అంకె, మసకగా ఉన్నదానికి పెద్ద అంకె! సంధ్య ఆకాశం కేసి తరాల పాటు చూసినవాళ్ళ అనుభవం ఈ అంకెల వెనక ఉందని నా నమ్మకం.

ఈ అంకెలను మన కళ్ళతో పరీక్షించొచ్చు. పంచాంగాల గణిత పద్ధతులు వేరువేరు, ఒక్కోసారి తేదీల్లో తేడాలుంటాయి. ఈసారి గురు మూఢం గానీ శుక్ర మూఢం గానీ దగ్గర పడగానే ఒక చోటు ఎంచుకుని రోజూ అక్కడి నుంచే చూడండి. చివరిసారి కనిపించిన రోజు, మళ్ళీ మొదట కనిపించిన రోజు, అది సాయంత్రమా తెల్లవారుజామా, గడియారం టైమ్, కంటితోనా బైనాక్యులర్‌తోనా అన్నది రాయండి. కరీంనగర్‌లో, ములుగులో చుట్టాలుంటే వాళ్ళను కూడా అదే రోజు చూడమనండి. కనిపించని రోజు కూడా రాయాలి. మబ్బు వల్ల కనిపించలేదా, ఆకాశం తేటగా ఉన్నా కనిపించలేదా అన్నది విడివిడిగా రాయండి, ఆ రెండూ కలిపేస్తే తర్వాత లెక్క తేలదు. ఈ బల్ల మీద రెండు బైనాక్యులర్లు ఉన్నాయి. ముందు వరుస పిల్లలు ఒక్కొక్కరే రండి, బయట దూరంగా కనిపించే ఆ టవర్ మీద ఫోకస్ చేయడం నేర్చుకుందాం.