సాళ్ల మధ్య ట్రాక్టర్ గుంటక: సీటు దిగే ముందు తాళం జేబులోకి

[తెర మీద: గాల్లోకి లేచి ఆగిన గుంటక, అంటే ట్రాక్టర్ వెనక తగిలించి సాళ్ల మధ్య కలుపు కోసే బ్లేడ్ల పనిముట్టు. బ్లేడు కాలికి చుట్టుకున్న గరిక. ఇంజను నడుస్తున్న చప్పుడు. ఒక చెయ్యి గరిక దాకా వెళ్లి ఆగిపోతుంది.]

ఆ గరిక పీకడానికి ఎంతసేపు? పది సెకన్లు. అందుకే ఎవరూ ఇంజను ఆపరు. "ఇంత మాత్రానికి ఆపేదేంటి" అనుకుంటాం. నేనూ అలా అనుకున్నవాణ్ణే.

ఇప్పుడు ఆ చేతికి పైన ఏముందో చూడండి. అంత ఇనుమూ హైడ్రాలిక్ నూనె బలం మీదే వేలాడుతోంది. గొట్టం పగిలినా, సీటు పక్కన లివరుకు ఎవరి మోచెయ్యి తగిలినా ధబ్బున దిగుతుంది. సాళ్లలో గుంటక నడిపేటప్పుడు నాకంత భయం లేదు. దిగినప్పుడే భయం. అందుకే ఈ వీడియోలో మనం ట్రాక్టర్ దిగే సందర్భాలనే పట్టుకుని వెళ్దాం.

[తెర మీద: ట్రాక్టర్ వెనక్కి వస్తోంది. సహాయకుడు దూరంగా, డ్రైవరుకు కనిపించేలా నిలబడ్డాడు.]

మొదటిసారి దిగేది గుంటక తగిలించడానికి. ట్రాక్టర్ వెనక్కి వస్తున్నంతసేపూ దానికీ గుంటకకీ మధ్య మనిషి ఉండకూడదు. బండి ఆగి, హ్యాండు బ్రేకు పడి, ఇంజను ఆగాకే దగ్గరికి రావాలి. ముందు ట్రాక్టర్ వెనక కిందుండే ఎడమ లింకు చెయ్యి, తర్వాత ఎత్తు సర్దుకునే కుడి లింకు చెయ్యి, ఆఖరున పైన నడిమి కడ్డీ, అదే టాప్ లింకు. ప్రతి పిన్నుకీ దాని లాకు పిన్నే పెట్టండి. మేకు దూర్చి వంచితే అది అరగంటలో ఎక్కడో సాల్లో ఉంటుంది.

చెక్ చైన్లు, అంటే గుంటక పక్కలకి ఊగకుండా పట్టే గొలుసులు, మర్చిపోకండి. దుక్కి దున్నేటప్పుడు కాస్త ఊగినా నష్టం లేదు, సాళ్ల మధ్య మాత్రం ఊగకూడదు. ఒకసారి నేను చైన్లు బిగించకుండానే చేలోకి దిగిపోయాను. గట్టు చేరి వెనక్కి తిరిగి చూస్తే కలుపు అలాగే ఉంది, మొక్కలే లేచిపోయాయి.

[తెర మీద: గచ్చు నేల మీద సుద్దతో గీసిన సాళ్లు. వాటి మీద దించిన గుంటక. టేపుతో కొలుస్తున్న చేతులు.]

బ్లేడ్ల సర్దుబాటు చేలో కాదు, ఇలా చదునైన గచ్చు మీద చెయ్యండి. లెక్క చూడండి. సాలుకీ సాలుకీ 60 సెంటీమీటర్లు అనుకుందాం. మొక్కకు అటు 8, ఇటు 8 వదిలితే మధ్యలో 44 మిగులుతుంది. 18 సెంటీమీటర్ల వెడల్పు బ్లేడ్లు మూడు తీసుకుని, వాటి నడిమి బిందువుల మధ్య 13 దూరం పెడితే సరిగ్గా 44 వస్తుంది. ఒక్కో బ్లేడు పక్కదాని దారిలోకి 5 సెంటీమీటర్లు వెళ్తుంది. ఆ 5 దండగ కాదు. బ్లేడు 13కి అరిగితే ఆ అతుకు సున్నా అవుతుంది. చేలో గీత గీసినట్టు కలుపు మిగిలిందంటే కారణం అదే.

ఇంకో మాట. నాలుగు సాళ్ల సీడ్ డ్రిల్లుతో విత్తితే గుంటక కూడా ఆ నాలుగు సాళ్లకే నడవాలి. డ్రిల్లు వెళ్లొచ్చిన రెండు దారుల మధ్య సందు ఒకచోట 60, ఇంకోచోట 55 ఉంటుంది. అందుకే చివరి సందుల్లో సగమే దున్నేలా బ్లేడ్లు తగ్గిస్తాం. ఆ సందుని నమ్మి నిండా బ్లేడ్లు పెట్టినవాళ్లు ఒక సాలు పోగొట్టుకుంటారు.

[తెర మీద: చేలో నడుస్తున్న ట్రాక్టర్. దగ్గరగా, మట్టిలో జారుతున్న బ్లేడు.]

ఇక నడక. లోతు మూడు నాలుగు సెంటీమీటర్లు చాలు. లోతుకు దింపితే పైరు వేర్లు తెగుతాయి, అడుగున పడున్న కలుపు గింజలు పైకొస్తాయి. నేల పదును మీద ఉండాలి. తడిలో దిగితే లేచిన కలుపు మళ్లీ వేరు పట్టుకుంటుంది. కలుపు రెండు మూడాకుల మీదున్నప్పుడే పని తేలిక.

గంటకు 5 కిలోమీటర్లంటే నెమ్మదే అనిపిస్తుంది. కానీ ఒక్క సెకనులో బండి దాదాపు మీటరున్నర వెళ్తుంది. వెనక గుంటక ఉంటే స్టీరింగు కుడికి తిప్పినప్పుడు గుంటక ముందు ఎడమకి జరుగుతుంది. అందుకే స్టీరింగుని ఇంచులో సగం కదిపినట్టు కదపాలి.

చేను చివర గుంటక పూర్తిగా లేచాకే మలుపు. నేలలో ఉండగా తిప్పితే గుంటక కాళ్లు వంగుతాయి, రివర్సు తీసినా అంతే. మలుపులో గుంటక బయటికి విసురుగా తిరుగుతుంది కాబట్టి గట్టు మీద నిలబడి చూసేవాళ్లని దూరం పంపండి. మడ్‌గార్డు మీద, గుంటక ఫ్రేము మీద ఎవర్నీ ఎక్కించొద్దు. బరువైన గుంటక లేస్తే ముందు చక్రాలు తేలికవుతాయి. బండి మొత్తం బరువులో కనీసం 20 శాతం ముందు ఇరుసు మీద ఉండాలి. లేకపోతే ముందు బరువులు తగిలించండి.

[తెర మీద: మళ్లీ మొదటి గరిక. ఈసారి గుంటక నేల మీద. ఇంజను చప్పుడు లేదు.]

గరిక చుట్టుకుంది. గుంటక దించండి, గేరు న్యూట్రలు, బ్రేకు, ఇంజను ఆపండి, తాళం జేబులో వేసుకోండి. అప్పుడు దిగి కొడవలితో కోసెయ్యండి. గ్లౌజులు వేసుకోండి, రాళ్లకి రాసుకున్న బ్లేడు అంచు కత్తిలా ఉంటుంది. కిందికి చెయ్యి పోవాల్సిన పని ఉంటే గుంటక లేపి గట్టి దిమ్మెల మీద కూర్చోబెట్టాలి. జాకీ ఒక్కదాన్ని నమ్మొద్దు. పీటీవోతో, అంటే ఇంజను బలాన్ని వెనక పనిముట్టుకి అందించే షాఫ్టుతో, తిరిగే రకమైతే ముందు పీటీవో ఆపండి. 540 ఆర్పీఎం అంటే సెకనుకి తొమ్మిది చుట్లు. మెడలో తువ్వాలు ఆ షాఫ్టుకి చుట్టుకుంటే వెనక్కి లాక్కునే వ్యవధి ఉండదు. షాఫ్టు మీద గార్డు ఊడదీసి నడపడం నేనైతే ఒప్పుకోను.

హైడ్రాలిక్ గొట్టం నుంచి నూనె కారుతోందని అనుమానమా? వేలితో తడిమి చూడొద్దు. కారు టైరులో గాలి ఒత్తిడి రెండు బార్లకి కాస్త ఎక్కువ. ఈ గొట్టంలో 150 దాటుతుంది. సూదిమొనంత చిల్లు నుంచి వచ్చే నూనె చర్మం లోపలికి దూరిపోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది, నొప్పి కూడా అంతగా ఉండదు. అయినా తక్షణం ఆసుపత్రికి వెళ్లాలి, "నూనె లోపలికి వెళ్లింది" అని డాక్టరుకి చెప్పాలి. అట్టముక్క గొట్టం పక్కనుంచి కదిపితే చిల్లు ఎక్కడుందో తెలుస్తుంది.

[తెర మీద: సాయంత్రం. గ్రీజు గన్ను, స్పానర్లు.]

రోజూ పని దిగాక గ్రీజు ఎక్కించే మూతులకి, అదే నిపుల్స్‌కి, గ్రీజు కొట్టండి. కొత్త గుంటక అయితే మొదటి కొన్ని గంటలకే బోల్టులన్నీ ఒకసారి బిగించాలి. అరిగిన బ్లేడు ఒక్కటే మార్చి పక్కదాన్ని వదిలేస్తే లోతు తేడా వస్తుంది, సెట్టు మొత్తం మార్చండి.

సీజను అయ్యాక మట్టి కడిగి, ఆరబెట్టి, బ్లేడ్లకి నూనె పట్టించండి. స్ప్రింగుల బిగువు వదిలి, పలకల మీద చదునుగా దించేసి పెట్టండి. లేపి ఉంచొద్దు, కింద పిల్లలు దూరతారు. కొత్త బ్లేడ్ల కొలతలు ఇప్పుడే రాసుకోండి. తీసేసిన పాత బోల్టు ఒకటి జేబులో వేసుకెళ్తే దుకాణంలో సైజు గురించి వాదన ఉండదు.