తొమ్మిది గెలిచినోడిని పంపేసిన ఊరు

(2025 సెప్టెంబర్ 14, ఆదివారం. ఒమాహాలో తెలుగు కుటుంబాలు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఈ నెల నన్ను మాట్లాడమన్నప్పుడు టాక్సుల గురించో, పిల్లల కాలేజీ అడ్మిషన్ల గురించో చెప్తాననుకున్నట్టున్నారు. ఫుట్‌బాల్ అనగానే ఫోన్‌లో కాసేపు మాట లేదు. ఆ తర్వాత, "అన్నా, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూడా కూర్చుంటారు, వాళ్లకి అర్థమవుతుందా?" అని అడిగారు. ఉద్యోగంలోంచి మనిషిని తీసేయడం గురించి చెప్తాను, అది అందరికీ అర్థమయ్యేదే కదా అన్నాను. ఒప్పుకున్నారు.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు. హెల్మెట్లు పెట్టుకుని ఆడేది. బంతి ఉన్న జట్టుకి నాలుగు అవకాశాలిస్తారు, ఆలోపు పది గజాలు ముందుకి పోవాలి. పోతే మళ్లీ నాలుగు. ఇంతకన్నా తెలియకపోయినా మా వీధిలో అయిదేళ్లు హాయిగా బతికేయొచ్చు. తెలియాల్సిన ఇంకో విషయం, కాలేజీ సీజన్‌లో మామూలుగా 12 మ్యాచ్‌లే ఉంటాయి. ఐపీఎల్‌లోలాగా మొదట్లో నాలుగు ఓడి, తర్వాత లెక్కలు వేసుకుని ప్లేఆఫ్స్‌కి వెళ్లడం ఇక్కడ కష్టం. సీజన్ చివర్లో ఆడే బౌల్ మ్యాచ్‌కి వెళ్లాలన్నా ఆరు గెలవాలి. అందుకే సెప్టెంబర్ రెండో వారానికే ఈ రాష్ట్రంలో మనుషుల ముఖాలు చూసి స్కోరు చెప్పేయొచ్చు.

నెబ్రాస్కాలో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టు లేదు. సుమారు 20 లక్షల జనాభా, ఒకే ఒక్క జట్టు. పేరు కార్న్‌హస్కర్స్, అంటే మొక్కజొన్న కంకులు ఒలిచేవాళ్లు. లింకన్‌లో ఉన్న మెమోరియల్ స్టేడియంలో 1962 నవంబర్ నుంచి ఈరోజు దాకా ఒక్క హోమ్ మ్యాచ్‌కి కూడా టికెట్లు మిగల్లేదు. మధ్యలో కొన్నేళ్లు మిగిలిపోయిన టికెట్లని డబ్బున్నవాళ్లు కొని పిల్లలకి పంచిపెట్టారు, ఆ సంగతి మనలో మనం అనుకోవాల్సిందే. ఎర్ర చొక్కాలతో ఆ స్టేడియం నిండితే రాష్ట్రంలో ఒమాహా, లింకన్ తర్వాత అదే మూడో పెద్ద ఊరు అంటారు. ఫుట్‌బాల్ ఒక్కటే కాదు లెండి. 2023 ఆగస్టులో అదే మైదానంలో ఆడపిల్లల వాలీబాల్ పెడితే 92,003 మంది వచ్చారు.

నేను 2003 ఆగస్టులో ఎమ్మెస్ చెయ్యడానికి లింకన్ వచ్చాను. వచ్చిన మూడు నెలలకి, థాంక్స్‌గివింగ్ వారంలో, కోచ్ ఫ్రాంక్ సోలిచ్‌ని తీసేశారు. ఆ ఏడు ఆయన 12 మ్యాచ్‌ల్లో 9 గెలిచాడు. మా అపార్ట్‌మెంట్లో ఉన్న నలుగురు తెలుగు కుర్రాళ్లకి ఇదేంటో అర్థం కాలేదు. ఆదివారం కాలింగ్ కార్డుతో ఇంటికి ఫోన్ చేసినప్పుడు నాన్నకి చెప్పాను. "తొమ్మిది గెలిచినోడిని ఎందుకు పీకార్రా?" అన్నారు. నేనేదో చెప్పబోతే, "మరి పదికి పది వచ్చేవాడు ఎవరన్నా ఉన్నాడా చేతిలో?" అన్నారు.

అప్పట్లో అందరూ ఉన్నాడనే అనుకున్నారు. ఎందుకంటే ఒకప్పుడు నిజంగానే ఉన్నాడు కాబట్టి. ఆయన టామ్ ఆస్‌బోర్న్. 1973 నుంచి 1997 దాకా 25 సీజన్లు. 255 గెలుపులు, 49 ఓటములు, 3 టైలు. ఏ సీజన్లోనూ తొమ్మిదికి తక్కువ గెలవలేదు. 1994, 1995, 1997లో జాతీయ చాంపియన్. ఈ అంకెల పక్కన నిలబెట్టి చూస్తే ఏ కోచ్ అయినా మరుగుజ్జులాగే కనిపిస్తాడు.

కానీ ఆ అంకెల లోపలికి వెళ్లి చూడండి. ఆయన మొదటి అయిదేళ్లు ఓక్లహోమా మీద ఒక్కసారి కూడా గెలవలేదు. అప్పట్లో ఓక్లహోమా మ్యాచ్ అంటే ఇక్కడ పరీక్షలన్నిటికీ పెద్ద పరీక్ష. ఆరో ఏడు 17-14తో గెలిచారు, అదే సీజన్లో బౌల్ మ్యాచ్‌లో మళ్లీ వాళ్లే ఎదురై ఓడించారు. 1984 జనవరిలో మయామీతో ఆరెంజ్ బౌల్. చివర్లో 31-30తో వెనకబడి ఉన్నారు. ఒక్క కిక్ కొడితే టై, దాదాపు ఖాయంగా జాతీయ టైటిల్. ఆయన టై వద్దని రెండు పాయింట్ల కోసం వెళ్లాడు. రాలేదు. ఆ తర్వాత ఒక దశలో వరసగా ఏడు బౌల్ మ్యాచ్‌లు ఓడాడు. మొదటి టైటిల్ వచ్చేసరికి ఆయన కోచ్ అయి 22వ సీజన్. ఇప్పటి అభిమానుల చేతిలో పడితే, అంటే మా చేతిలో పడితే, ఏడో ఏడు దాటేవాడు కాదు.

ఇంకో తమాషా ఉంది. ఇంత దేవుడిలా చూసిన మనిషి 2006లో గవర్నర్ పదవికి పార్టీ ప్రైమరీలో నిలబడితే ఈ రాష్ట్రమే ఓడించింది. ఎన్టీఆర్‌ని చూసిన మనకి కొంచెం వింతగా ఉంటుంది.

సోలిచ్ తర్వాత వచ్చిన కాలహన్ నాలుగో ఏడు 5-7తో, అంటే అయిదు గెలిచి ఏడు ఓడి, పోయాడు. తర్వాత బో పెలీని. ఏడు సీజన్లు, ప్రతి ఏడూ తొమ్మిదో పదో గెలుపులు. ఆయన మైదానంలో అరుపులు, కోపం మాకు నచ్చేవి కావు, పెద్ద మ్యాచ్‌ల్లో చిత్తుగా ఓడేవాళ్లం, అది నిజం. 2014లో 9-3తో ఉండగా ఆయన్నీ తీసేశారు. ఆ రోజు నేను కూడా మంచిపనే చేశారన్నాను. ఈ మాట రికార్డులో ఉండాలి, ఎందుకంటే ఇక్కడ కూర్చున్న ఇద్దరు ముగ్గురికి నేనన్నది గుర్తుంది. పెలీని వెళ్లాక ఇప్పటిదాకా మేము తొమ్మిది గెలిచింది ఒక్కసారే, 2016లో, మైక్ రైలీ ఉన్నప్పుడు. ఆ మరుసటి ఏడు 4-8. ఆయన కూడా వెళ్లాడు.

ఇక స్కాట్ ఫ్రాస్ట్. మా వాడు. లింకన్‌లో పుట్టాడు, 1997 చాంపియన్ జట్టుకి క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి చేతిలోకి తీసుకుని ఆట నడిపించేవాడు. 2017లో సెంట్రల్ ఫ్లోరిడాకి కోచ్‌గా ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా వచ్చాడు. ఊరి అల్లుడు సంక్రాంతికి వచ్చినట్టు జరిగింది ఆ స్వాగతం. నాలుగేళ్లు పైన ఉన్నాడు. 16 గెలుపులు, 31 ఓటములు. 2021లో 3-9. ఆ తొమ్మిది ఓటముల్లో ఒక్కటి కూడా పది పాయింట్ల తేడాతో కాదు, అన్నీ తొమ్మిది, అంతకంటే తక్కువ. సీజన్ మొత్తం కలిపితే ప్రత్యర్థుల కంటే మేమే ఎక్కువ పాయింట్లు చేశాం! ఇలాంటి లెక్క ప్రపంచంలో ఇంకెవరికి పడిందో నాకు తెలీదు. చివరి నిమిషం వచ్చేసరికి ఏదో ఒకటి చేసేవాళ్లు. బంతి జారవిడిచేవాళ్లు, లేదా చూస్తూ చూస్తూ కిక్ తప్పు చోటికి కొట్టేవాళ్లు. ఒక్క టచ్‌డౌన్ లోపు తేడాతో, అంటే ఎనిమిది పాయింట్లో అంతకంటే తక్కువో తేడాతో, తేలిన మ్యాచ్‌ల్లో ఆయన రికార్డు 5-22. అది దురదృష్టం అని మొదటి రెండేళ్లు సర్దిచెప్పుకున్నాం. 22 సార్లు జరిగాక దానికి అదృష్టంతో పనిలేదు.

2022 సీజన్ మొదటి మ్యాచ్ డబ్లిన్‌లో. 28-17తో ముందున్నాం. అప్పుడు ఫ్రాస్ట్ ఉన్నట్టుండి ఆన్‌సైడ్ కిక్ కొట్టించాడు, అంటే బంతి మళ్లీ మనమే పట్టుకుందామని దగ్గరికే తన్నడం. అది అవతలి జట్టుకి దొరికింది, 31-28తో ఓడాం. రెండు వారాల తర్వాత సొంత ఊళ్లో జార్జియా సదరన్ 45-42తో ఓడించింది. అంతకుముందు మా మైదానంలో మేం 35 పాయింట్లో అంతకన్నా ఎక్కువో చేసిన 214 మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఓడలేదు. మర్నాడు, సెప్టెంబర్ 11న, తీసేశారు. అక్టోబర్ 1 దాకా ఆగితే ఆయనకివ్వాల్సింది 15 మిలియన్ డాలర్ల నుంచి ఏడున్నరకి తగ్గేది. మూడు వారాలు ఆగలేకపోయారు. మన లెక్కలో ఆ తొందర ఖరీదు 60 కోట్ల రూపాయలు. తొమ్మిది గెలిచినోళ్లని ఒక్క పూటలో పంపించిన ఊరు, ఓడేవాడికి నాలుగేళ్లు ఇచ్చి, చివరికి మూడు వారాలు ఇవ్వలేదు. మా ఓపిక ఎప్పుడూ తప్పు మనిషి దగ్గరే పనిచేసింది.

ఇప్పుడున్న కోచ్ మాట్ రూల్ దగ్గరికి వస్తాను. ఎనిమిదేళ్ల కాంట్రాక్టు, 74 మిలియన్ డాలర్లు. ఆయన పేరు వినగానే ఇక్కడ ప్రతివాడూ చెప్పేది "మూడో ఏడు". ఇంతకుముందు కోచ్‌గా చేసిన టెంపుల్ యూనివర్సిటీలో మొదటి ఏడు 2-10, మూడో ఏడు పది గెలుపులు. బేలర్ యూనివర్సిటీలో మొదటి ఏడు 1-11, మూడో ఏడు పదకొండు. మా దగ్గర మొదటి ఏడు 5-7, రెండో ఏడు 7-6. ఇది మూడో ఏడు. గుడికి మూడో వారం వెళ్తే కోరిక తీరుతుందన్నట్టు అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు.

నాకు ఈ లెక్క మీద పెద్ద నమ్మకం లేదు. టెంపుల్, బేలర్ నాటి ఆట వేరు. అప్పుడు ఒక కుర్రాడు చేరితే నాలుగేళ్లు అక్కడే ఉండి కోచ్ చేతిలో తయారయ్యేవాడు. ఇప్పుడు ప్రతి చలికాలం సగం జట్టు ఇంకో కాలేజీకి వెళ్లిపోవచ్చు. మన ఐటీలో ఆఫర్ లెటర్ చూపించి జీతం పెంచుకున్నట్టే. ఈ జూలై నుంచి కాలేజీలే ఆటగాళ్లకి నేరుగా డబ్బులివ్వొచ్చు, మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీకి సుమారు 20.5 మిలియన్ డాలర్ల పరిమితి. నిదానంగా మొక్క పెంచినట్టు జట్టుని పెంచడం అనే పద్ధతికి ఇందులో చోటెంత ఉందో చూడాలి. మా క్వార్టర్‌బ్యాక్ డిలన్ రయోలానే తీసుకోండి. ముందు ఒహాయో స్టేట్ అన్నాడు, తర్వాత జార్జియా అన్నాడు, చివరికి వాళ్ల నాన్న ఆడిన ఇక్కడికి వచ్చాడు. కుర్రాడు బంగారం. కానీ వచ్చే ఏడు ఎక్కడుంటాడని నన్ను అడక్కండి.

రూల్ విషయంలో నన్ను భయపెట్టేది వేరే ఉంది. 13-10. ఆయన మొదటి మ్యాచ్ మిన్నెసోటా చేతిలో 13-10తో పోయింది. ఆ ఏడు 5-3తో ఉన్నాం, ఇంకొక్కటి గెలిస్తే బౌల్. వరసగా నాలుగూ ఓడాం. అందులో మేరీలాండ్ 13-10, ఐయోవా 13-10. పోయిన ఏడు మళ్లీ ఐయోవా, మళ్లీ ఆఖరి కిక్, మళ్లీ 13-10. మా ఆవిడకి ఆట రాదు, కానీ మొబైల్ పిన్ 1310 పెట్టుకోమని నాకు సలహా ఇచ్చింది.

ఈ సీజన్లో మూడు మ్యాచ్‌లయ్యాయి, మూడూ గెలిచాం. ఏక్రన్ మీద 68-0, నిన్న హ్యూస్టన్ క్రిస్టియన్ మీద 59-7. ఈ రెండిటి గురించి నేనేమీ మాట్లాడను. 2024లో మన సన్‌రైజర్స్ బెంగళూరు మీద 287 కొట్టారు. ఫైనల్లో 113కి ఆలౌట్. అంతే.

మొదటి మ్యాచ్ గురించి మాత్రం చెప్పాలి. ఆగస్టు 28, కాన్సాస్ సిటీలో, సిన్సినాటీతో. టీవీ వాళ్లు సగం సేపు స్టాండ్లో ఉన్న టేలర్ స్విఫ్ట్‌నే చూపించారు. మిగతా సగంలో నేను చూసింది ఇది. అవతలి క్వార్టర్‌బ్యాక్ పాస్‌లతో చేసింది 69 గజాలే, కానీ తనే పరిగెత్తి దాదాపు వంద గజాలు చేశాడు. మా డిఫెన్స్ ముందు వరస అడ్డుకోలేకపోయింది. 20-17తో ముందున్నాం, చివరి నిమిషంలో వాళ్లు మా వైపు వచ్చేశారు. ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. పదేళ్లుగా ఈ సీను మాకు కంఠతా వచ్చు. అప్పుడు మా వాడు మాల్కమ్ హార్ట్‌జాగ్ ఎండ్ జోన్‌లో, అంటే వాళ్లు బంతి చేర్చాల్సిన చోట, వాళ్ల పాస్‌ని పట్టేసుకున్నాడు. అయిపోయింది. ఫ్రాస్ట్ జట్టు అయితే ఆ మ్యాచ్ ఓడేది. నాకు 68-0 కంటే ఆ 20-17 ఎక్కువ. కోచ్ మారాడా లేదా అన్నదానికి ఇప్పటిదాకా నా దగ్గరున్న సాక్ష్యం ఆ ఒక్క పాస్ మాత్రమే. ఒక్క సాక్షితో కేసు నిలబడదని నాకూ తెలుసు.

వచ్చే శనివారం మధ్యాహ్నం రెండున్నరకి లింకన్‌లో మిషిగన్. వాళ్ల కోచ్ సస్పెన్షన్‌లో ఉన్నాడు, మైదానం పక్కన ఉండడు. క్వార్టర్‌బ్యాక్ ఫస్టియర్ కుర్రాడు. ఇంతకన్నా మంచి అవకాశం దొరకదంటున్నారు, నిజమే. కానీ మిషిగన్ అంటే ముందు నుంచీ పరుగు మీద బతికే జట్టు, మాకేమో సిన్సినాటీ పరుగునే ఆపడం చేతకాలేదు. దేశంలో టాప్ 25 ర్యాంకుల్లో ఉన్న జట్టుని మేము ఓడించి తొమ్మిదేళ్లయింది. 2016 సెప్టెంబర్, ఒరెగాన్. అప్పుడు మా అమ్మాయి రెండో క్లాసు.

ఇప్పుడు తను హైస్కూల్లో ఉంది, నాతో వస్తానంది. ఒక షరతు పెట్టింది. 2021లో ఇదే మిషిగన్ మ్యాచ్‌కి ఇద్దరం వెళ్లాం. నాలుగో క్వార్టర్లో 29-29 దగ్గర బంతి మా చేతిలోనే ఉంది, ఇంక రెండు నిమిషాలు కూడా లేదు. నేను చూడలేక లేచి మెట్ల దగ్గరికి వెళ్లిపోయాను. స్టేడియం ఒక్కసారి మూగబోతే తెలిసింది, మా క్వార్టర్‌బ్యాక్ చేతిలోంచి బంతి లాక్కున్నారని. 32-29తో ఓడాం. "నాన్నా, ఆ రెండు నిమిషాలు నన్ను ఒక్కదాన్నీ సీట్లో వదిలేసి వెళ్లావు" అంటుంది ఇప్పటికీ. ఈసారి ఏమైనా సరే పక్కనే కూర్చుంటానని మాటిచ్చాను.

నమస్కారం.