పుట్టుకా, పెంపకమా? అసలు ప్రశ్నలోనే తిరకాసు ఉంది

నమస్తే అండి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటాం. అదే నోటితో మొక్కై వంగనిది మానై వంగునా అని కూడా అంటాం. మొదటిది అంతా రక్తంలోనే ఉందంటుంది, రెండోది అంతా పెంపకంలోనే ఉందంటుంది, మనమేమో అవసరాన్ని బట్టి ఏది పనికొస్తే అది వాడేస్తాం. పిల్లాడు క్లాసులో ఫస్ట్ వస్తే మా పోలిక, అల్లరి చేస్తే స్నేహాలు మంచివి కావు. అంతే కదా!

పెద్ద పెద్ద వాళ్లదీ ఇదే వరస. ప్రతిభ వంశంలోనే వస్తుందని ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త 1869లో ఏకంగా పుస్తకమే రాశాడు, పేరున్న కుటుంబాల్లోనే పేరున్నవాళ్లు పుడుతున్నారు చూడండి అని. ఆ కుటుంబాల్లో డబ్బు, చదువు, పలుకుబడి కూడా వారసత్వంగానే వస్తున్నాయి కదా స్వామీ, వాటినెక్కడ పెడతావ్? 1920ల్లో జాన్ వాట్సన్ అనే అమెరికన్ సైకాలజిస్టు దీనికి పూర్తిగా ఎదురు తిరిగాడు. ఆరోగ్యంగా ఉన్న డజను మంది పసిపిల్లల్ని నాకివ్వండి, డాక్టరంటే డాక్టరు, దొంగంటే దొంగ, ఏది కావాలంటే అది తయారుచేస్తానన్నాడు.

తర్వాత అచ్చుగుద్దినట్టుండే కవలల్నీ, మామూలు కవలల్నీ పోల్చి చూస్తూ బోలెడు పరిశోధన జరిగింది. యాభై ఏళ్ల లెక్కలన్నీ ఒకచోట చేర్చి 2015లో చూస్తే, అన్ని రకాల లక్షణాలూ కలిపి వంశపారంపర్యం వాటా సగటున 49 శాతం అని తేలింది. ఇది వినగానే అందరూ ఏమనుకుంటారంటే, ఓహో, నా కోపంలో సగం మా నాన్నది, సగం నేను పెరిగిన వాతావరణానిది అని. కాదండీ! ఆ అంకె ఏ ఒక్క మనిషి గురించీ చెప్పదు. ఒక గుంపులో మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాల్లో ఎంత భాగం అమ్మానాన్నల నుంచి వచ్చే జీన్స్‌లోని తేడాలతో ముడిపడి ఉందో చెబుతుంది, గుంపు మారితే అదీ మారిపోతుంది. పిల్లలందరికీ ఒకే రకం తిండి, చదువు, ఆదరణ దొరికే చోట వంశపారంపర్యం శాతం పెరుగుతుంది. జీన్స్‌కి కొత్తగా బలమేం రాలేదు, పరిసరాల్లో తేడా తగ్గిందంతే.

పీకేయూ అని ఒక జబ్బుంది, నాకు ఈ విషయం అర్థమైంది దాన్ని చూశాకే. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, ఒకే జీన్‌కి రెండు పాడైన కాపీలు వస్తాయి. దాంతో ప్రొటీన్‌లో ఉండే ఫినైల్‌అలనిన్ అనే పదార్థాన్ని శరీరం సరిగా విడగొట్టలేదు, అది రక్తంలో పేరుకుపోయి పసిబిడ్డ మెదడుని దెబ్బతీస్తుంది, బుద్ధిమాంద్యం వస్తుంది. ఇంతకన్నా పక్కా వంశపారంపర్యం ఉంటుందా? కానీ పుట్టిన కొద్ది రోజులకే మడమ దగ్గర సూదితో గుచ్చి, రక్తపు చుక్క పరీక్ష చేసి, ఆ పదార్థం బాగా తక్కువగా ఉండే ఆహారం మొదలుపెడితే ఆ బిడ్డ మామూలుగా ఎదుగుతుంది. జీన్ అలాగే ఉంది, మారింది తిండి. ఇప్పుడు చెప్పండి, ఆ బిడ్డ తెలివిలో జీన్ ఎంత శాతం, తిండి ఎంత శాతం?

రెండోవైపు నుంచి కూడా చూద్దాం. రొమేనియా అనాథాశ్రమాల్లో పట్టించుకునేవాళ్లు లేక పెరుగుతున్న పసిపిల్లల మీద 2000లో ఒక అధ్యయనం మొదలైంది. లాటరీ పద్ధతిలో కొందరిని పెంపుడు కుటుంబాలకి పంపారు. వాళ్ల తెలివితేటలు, మనుషులతో అనుబంధం, రెండూ ఆశ్రమంలో ఉండిపోయిన పిల్లలకన్నా మెరుగయ్యాయి, రెండేళ్లు నిండకముందే వెళ్లినవాళ్లలో మరీ స్పష్టంగా.

ఇంకో మెలిక ఏంటంటే, పరిసరాలు కూడా పూర్తిగా బయటివి కావు. పుట్టుకతోనే బిడియం ఉన్న పిల్లని ఎవరైనా పేరు అడిగితే, ఆ పిల్ల నోరు తెరిచేలోపే వాళ్లమ్మ చెప్పేస్తుంది. ప్రేమతోనే! కానీ ఆ పిల్లకి మాట్లాడే అవకాశం ఒకటి పోయింది. వాగుడుకాయ చెల్లికి అదే ఇంట్లో రోజూ వంద ప్రశ్నలు, వంద నవ్వులు. ఒకే ఇల్లు, ఒకే అమ్మ, కానీ వాతావరణం మాత్రం రెండు.

అందుకే ఫలానా జీన్ దొరికిందట అనే హెడ్‌లైన్లంటే నాకు అనుమానం. డిప్రెషన్‌కీ మెదడులోని సెరటోనిన్ అనే రసాయనానికి సంబంధించిన జీన్‌కీ ముడిపెట్టిన 2003 నాటి అధ్యయనం అప్పట్లో ఎంత మోగిపోయిందో, తర్వాత వచ్చిన పెద్ద అధ్యయనాల్లో అది నిలబడలేదు. ఇప్పుడు తెలిసిందేంటంటే డిప్రెషన్‌తో ముడిపడిన తేడాలు జీన్స్‌లో వందల చోట్ల ఉన్నాయి, ఒక్కోదాని ప్రభావం ఆవగింజంత, అన్నీ కూడినా ఫలానా మనిషికి వస్తుందో రాదో తేల్చి చెప్పలేం. కాబట్టి ట్యూబులో లాలాజలం పంపితే మీ పిల్లాడి స్వభావం, టాలెంట్ చెప్పేస్తామనే యాడ్ కనిపిస్తే, ఏం చూసి చెప్తారో ముందు వాళ్లనే అడగండి.