బరువు మోసే పికప్‌కి పొగ రోగం రాదు: ఆటోనగర్ షెడ్డులో ముప్పావు గంట

హోస్ట్: నమస్కారం అండీ. ఈసారి స్టూడియో లేదు, విజయవాడ ఆటోనగర్‌లో మా బాబాయ్ షెడ్డు వెనకాల గదిలో కూర్చున్నాం. మధ్యలో గ్రైండర్ మోత, సుత్తి దెబ్బలు వినపడితే సర్దుకుపోండి, ఫ్యాను ఆపితే మాత్రం మేం బతకం. బాబాయ్ ముప్పై ఏళ్ల పైనుంచి డీజిల్ బళ్ల పనే చేస్తున్నాడు. మా బావ టెక్సాస్‌ నుంచి సెలవులకొచ్చాడు, అక్కడ ఆయనకో పెద్ద డీజిల్ పికప్ ఉంది, దానితో గొడవ కూడా ఉంది. తప్పు బండి తిప్పే తీరుదా, కంపెనీదా అని రాత్రి భోజనాల దగ్గర మొదలైన వాదన తెల్లారినా తేలలేదు కాబట్టి మైకు పెట్టేశాను.

బావ: గొడవ అంటే పెద్దగా ఏమీ కాదు మామయ్యా. 6.7 లీటర్ల ఇంజిన్. వెనకాల ట్రావెల్ ట్రెయిలర్ తగిలిస్తాం, అంటే చక్రాల మీద చిన్న ఇల్లు అనుకోండి, మూడు టన్నుల పైనే ఉంటుంది. ఏడాదికి నాలుగు ట్రిప్పులు వేస్తాం, ఆ ట్రిప్పుల్లో బండి బంగారం. ఇంటికొచ్చాకే మొదలవుతుంది, ఎగ్జాస్ట్ ఫిల్టర్ నిండింది అని మెసేజీ, రెండు రోజులు పోతుంది, మళ్లీ వస్తుంది. షోరూముకి తీసుకెళ్తే ఏదో సెన్సర్ మార్చారు, రెండు వేల డాలర్లు అయ్యింది, నెల తిరక్కుండా మళ్లీ లైటు.

బాబాయ్: ఆ నాలుగు ట్రిప్పులు కాకుండా మిగతా రోజుల్లో బండి ఏం చేస్తుంది అల్లుడు గారూ?

బావ: ఏం చేస్తుంది... నాది ఇంటి నుంచే పని కదా. పిల్లల్ని స్కూల్లో దింపడం, మూడు కిలోమీటర్లు. అక్కడ లైన్లో పావుగంట ఇంజిన్ ఆన్‌లో, ఏసీ కావాలిగా.

బాబాయ్: (నవ్వు) అయిపోయింది, జబ్బు దొరికింది. మూడు టన్నులు లాగే ఎద్దుని కూరగాయల సంచి మోయడానికి పెట్టుకున్నారు.

హోస్ట్: ఆగు బాబాయ్, వినేవాళ్లలో సగం మందికి అసలు ఈ ఫిల్టర్ ఏంటో తెలియదు. అక్కణ్ణుంచి మొదలుపెట్టు.

బాబాయ్: చెప్తా. సైలెన్సర్ దారిలో ఒక డబ్బా ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. లోపల తేనెపట్టులా సన్నటి గొట్టాలు, పింగాణీ లాంటి సరుకు. కిటుకేమిటంటే ఒక గొట్టానికి ముందు మూత ఉంటే పక్కదానికి వెనక మూత, పొగ ఎటూ పోలేక గోడల్లోంచి దూరి బయటికి రావాలి. గాలి దూరుతుంది, మసి ఆగిపోతుంది. అందుకే కొత్త బండి సైలెన్సర్‌లో వేలు పెడితే నలుపు అంటదు. సరే, మసి ఆగింది, మరి ఆ మసి ఎక్కడికి పోవాలి? అక్కడే కాలి గాలిలో కలిసిపోవాలి. బండి బరువు మీద ఉండి పొగ బాగా వేడెక్కితే, మూడు నాలుగు వందల డిగ్రీల దగ్గర, దానంతటదే మెల్లగా కాలిపోతుంటుంది. వేడి చాలకపోతే కంప్యూటర్ తనే కొంచెం డీజిల్ అదనంగా కొట్టి డబ్బాలో వేడిని 600 డిగ్రీల దగ్గరికి తీసుకెళ్లి కాలుస్తుంది. దాన్నే రీజెన్ అంటారు. దానికి ఆగకుండా ఇరవై నిమిషాలు పరుగు కావాలి. మీరు పన్నెండో నిమిషంలో తాళం తీసేశారు. రేపు మళ్లీ మొదలవుతుంది, మళ్లీ తీసేశారు.

హోస్ట్: వంట సగంలో ఉండగా గ్యాస్ కట్టేసినట్టు.

బాబాయ్: వంటైతే మళ్లీ వెలిగించుకోవచ్చు. ఇక్కడ ఇంకో నష్టం ఉంది, ఇది చాలామందికి తెలియదు. ఆ అదనపు డీజిల్‌ని చాలా బళ్లలో సిలిండర్‌లోకే ఆలస్యంగా కొడతారు, అందులో కొంత గోడల వెంట జారి కింద ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. పోయినేడు ఒకబ్బాయి వచ్చాడు, పటమట నుంచి వన్‌టౌన్‌ దాకా షాపులకి సరుకు వేసే పికప్. "బాబాయ్, కొత్త బండి భలే ఉంది, ఆయిల్ తాగడం మాట అటుంచు, డిప్‌స్టిక్ చూస్తే లెవెల్ పెరుగుతోంది" అని సంబరంగా చెప్పాడు. ఓరి నాయనా, అది ఆయిల్ కాదురా, డీజిల్ అన్నాను. పలచబడిన ఆయిల్‌తో ఇంకో రెండు నెలలు తిప్పి ఉంటే బేరింగులు పోయేవి.

బావ: నా లెవెల్ నేనెప్పుడూ చూడలేదు.

బాబాయ్: చూడండి. వెళ్లగానే చూడండి.

హోస్ట్: అదే పటమటలో, అదే మోడల్ బండి, గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లేవాడికి ఈ గొడవ ఎందుకు లేదు?

బాబాయ్: అదే నేను రాత్రి నుంచి మొత్తుకుంటున్నది. సీజన్లో వాడు నలభై టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వేస్తాడు, టిక్కీ నలభై కిలోల పైన, అంటే 1.6, 1.7 టన్నులు. వారధి ఎక్కాడంటే మంగళగిరి, కాజ టోల్, గుంటూరు, ముప్పై అయిదు కిలోమీటర్లు ఇంజిన్ మీద బరువు ఉండి పరిగెడుతుంది. పొగ వేడిగా ఉంటుంది, డబ్బా దానంతటదే శుభ్రమవుతుంది. జనం ఏమనుకుంటారంటే లోడ్ వేస్తే బండి పాడవుతుంది, ఖాళీగా తిప్పితే పదికాలాలు ఉంటుందని. డీజిల్ విషయంలో అది తిరగబడింది. నా షెడ్డుకి డీపీఎఫ్ మూసుకుపోయి వచ్చే బళ్లలో ఎక్కువ భాగం ఊళ్లో తిరిగేవే. ఓవర్‌లోడ్ వెయ్యమని కాదు నేను చెప్పేది, అలా వేస్తే స్ప్రింగులు, క్లచ్‌ప్లేట్లు, బ్రేకులు చెబుతాయి సంగతి. పాస్ అయినంత లోడ్ వేసి తిప్పండి.

బావ: సరే మామయ్యా, కానీ అన్నీ డ్రైవర్ మీదకే నెట్టేస్తే ఎలా? కంపెనీల తప్పులు లేవా? మా దగ్గర ఎవర్ని అడిగినా ఫోర్డ్ 6.0 కథ చెప్తారు. 2003 నుంచి 2007 దాకా పికప్పుల్లో వచ్చిన ఇంజిన్ అది. ఈజీఆర్ కూలర్ చీలిపోవడం, హెడ్ గాస్కెట్లు పోవడం. అంతకుముందున్న 7.3 ఇంజిన్‌ని ఇప్పటికీ దేవుడిలా చూస్తారు. 2007 నుంచి మసి నియమాలు వచ్చాయి, దాంతో అందరూ డీపీఎఫ్ పెట్టారు, 2010 నుంచి నాక్స్ నియమాలు, అంటే పొగలో ఉండే నైట్రోజన్ విషవాయువుల మీద, దాంతో పొగలో కొట్టే యూరియా నీళ్లు. జనం పాత బండి పాత బండి అని ఊరికే ఏడవరు కదా.

బాబాయ్: నేను కాదనలేదే. ఈజీఆర్ అంటే కాలిన పొగనే కొంత చల్లార్చి మళ్లీ ఇంజిన్‌కి తాగించడం. దానివల్ల లోపల మంట వేడి తగ్గుతుంది, నాక్స్ తగ్గుతుంది, నిజమే. కానీ ఇంజిన్ తన మసి తనే మింగుతుంది. ఇన్‌టేక్ విప్పితే నిలవ పచ్చడి జాడీ అడుగులా ఉంటుంది, నల్లగా, జిడ్డుగా. మనిషికి అదే శిక్ష వేస్తే మూడు రోజులు బతకడు. అందులో నీ మాట ఒప్పుకుంటా. ఒకదాన్ని సరిచెయ్యడానికి ఇంకోటి పెట్టారు, దానికి ఇంకోటి.

బావ: డీజిల్‌ని ఇంజెక్టర్లకి కొట్టే పంపు సంగతి కూడా ఉంది. బాష్ సీపీ4. 2,000 బార్ దాకా ఒత్తిడి ఇస్తుంది, కానీ లోపల అరిగిందంటే ఇనప రజను మొత్తం లైన్లలోకి, ఇంజెక్టర్లలోకి పోతుంది, ట్యాంకు నుంచి ఇంజెక్టర్ల దాకా అన్నీ మార్చుకోవాలి. రామ్ పికప్ కంపెనీ వాళ్లు 2019లో ఆ పంపుకి మారి 2021కల్లా పాత సీపీ3కి వెనక్కి పోయారు, ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? మా డీజిల్‌కి జారుడు గుణం కూడా తక్కువే. అరుగుదల పరీక్షలో అమెరికా ప్రమాణం 520 మైక్రాన్ల అరుగుడు మచ్చ దాకా ఒప్పుకుంటుంది, యూరప్‌లో 460 దాటకూడదు.

బాబాయ్: మనకీ 460యే. కానీ మన దగ్గర కష్టం వేరు, నీళ్లు. వానాకాలంలో కింద నీళ్లు దిగిన డీజిల్ ఎక్కడో ఒకచోట కొట్టిస్తారు. ఫిల్టర్ అడుగున స్క్రూ ఉంటుంది, పదిహేను రోజులకోసారి తిప్పి ఆ నీళ్లు వదిలెయ్యమంటే ఒక్కడూ వినడు. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలకి బద్ధకించి ఇంజెక్టర్లకి అరవై వేలు పెట్టినవాణ్ని చూశాను.

హోస్ట్: బావా, నువ్వు రాత్రి ఇంకో మాట అన్నావు. అన్నీ పీకేయిద్దామని.

బావ: (నవ్వు) డిలీట్. నా ఫ్రెండ్ చేయించాడు. డీపీఎఫ్ తీసేసి గొట్టం పెట్టి, ఈజీఆర్ మూసేసి, కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ మార్చేస్తారు. మైలేజీ పెరిగింది, లాగుడు పెరిగింది అంటాడు. అక్కడి గాలి కాలుష్య చట్టం, క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం అది చట్టవిరుద్ధమే అనుకోండి.

హోస్ట్: కంపెనీలే పట్టుబడ్డాయిగా?

బావ: పట్టుబడ్డాయి. ఇంజిన్లు చేసే కమిన్స్ మీద 2023 డిసెంబర్‌లో 167.5 కోట్ల డాలర్ల జరిమానా, ఆ చట్టం కింద అంత పెద్ద జరిమానా అంతకుముందు లేదు. 2013 నుంచి 2019 దాకా వచ్చిన రామ్ పికప్పులు, 6,30,000 దాకా, టెస్టులో ఒకలాగా రోడ్డు మీద ఇంకోలాగా నడిపించే సాఫ్ట్‌వేర్ పెట్టారని ప్రభుత్వం ఆరోపణ. కంపెనీ తప్పు ఒప్పుకోలేదు కానీ డబ్బు కట్టడానికి ఒప్పుకుంది. అంత పెద్దవాళ్లే చేస్తే మాకేంటి అని మా వాళ్ల వాదన.

బాబాయ్: నేనూ చేశాను అల్లుడు గారూ, దాచడం ఎందుకు. 2021లో, బీఎస్6 బళ్లు, అంటే మన దేశపు కొత్త పొగ నియమాల బళ్లు, కొత్త. 2020 ఏప్రిల్ ఒకటి నుంచి కదా మనకి బీఎస్6, నాలుగు నుంచి అయిదు లేకుండా ఒకేసారి ఆరుకి దూకాం, డీజిల్లో గంధకం 50 పీపీఎం నుంచి 10కి దిగింది, మాకేమో చేతిలో స్కానర్ కూడా సరిగ్గా లేదు. ఒకాయన బలవంతం చేస్తే డబ్బా కోసి లోపలి తేనెపట్టు పగలగొట్టి ఖాళీ డబ్బా వెల్డింగ్ చేసి ఇచ్చాను. దానికి ముందూ వెనకా ప్రెషర్ చూసే సెన్సర్ ఉంటుంది, రెండు పక్కలా ఒకటే ప్రెషర్ కనపడేసరికి దానికి అనుమానం వచ్చింది, బండి లింప్ మోడ్‌లోకి పోయింది, నలభై దాటదు. తర్వాత ఎవడో ప్రోగ్రామ్ మార్చాడు, లాగుడు పెరిగింది, ఆ లాగుడికి క్లచ్ పోయింది, నాలుగు నెలలకి టర్బో పోయింది. పొల్యూషన్ సర్టిఫికెట్‌కి వెళ్తే పొగ. చివరికి కొత్త డీపీఎఫ్ కొనుక్కున్నాడు. ఆయన నన్ను ఏమీ అనలేదు, కానీ మళ్లీ నా షెడ్డుకి రాలేదు.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు. గ్రైండర్ మోత.)

హోస్ట్: సరే, డెఫ్ గురించి చెప్పు. యూరియా నీళ్లు.

బాబాయ్: అన్ని చిన్న బళ్లకీ ఉండదు అది, కొన్నిట్లో వేరే రకం క్యాటలిస్ట్‌తో, అంటే పొగలోని విషాన్ని మార్చే రసాయన పూతతో, సరిపెడతారు. ఉన్నవాళ్లకి చెప్తున్నా. 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీళ్లు. వేడి పొగలో పడగానే అమ్మోనియా అవుతుంది, అమ్మోనియా వెళ్లి నాక్స్‌ని పట్టుకుని నైట్రోజన్, నీటి ఆవిరి చేసేస్తుంది. తెలివైన పద్ధతి, దానిమీద నాకు కోపం లేదు, ఇంకా చెప్పాలంటే అది వచ్చాక ఇంజిన్‌కి మసి పొగ తాగించడం తగ్గింది. నాకు కోపం జనం మీద. పొలానికి వేసే యూరియా బకెట్లో కలిపి పోసినవాణ్ని చూశాను. ఎరువు యూరియాలో ఉండే మలినాలకి క్యాటలిస్ట్ చచ్చిపోతుంది, నాజిల్ దగ్గర ఉప్పు గడ్డలా పేరుకుంటుంది. ఇంకోటి, మన ఎండలు. 25 డిగ్రీల్లో ఏడాదిన్నర నిలవుండే డెఫ్, 35 డిగ్రీల దగ్గర ఆరు నెలలే. బెజవాడలో మే నెలలో రేకుల షెడ్డు కింద పెట్టి రెండేళ్ల తర్వాత వాడితే అది మందు కాదు. చవగ్గా వచ్చిందని ఇరవై క్యాన్లు కొనకండి.

బావ: మాకు డెఫ్ సెన్సర్ పోయినా ట్రక్కు స్పీడ్ తగ్గించేస్తుంది, ఎడారిలో ట్రెయిలర్‌తో ఉన్నా సరే. రైతులూ ట్రక్కులవాళ్లూ గోల చేస్తే 2025 ఆగస్టులో అక్కడి పర్యావరణ సంస్థ, ఈపీఏ, ఆ సాఫ్ట్‌వేర్‌ని మార్చి కొంత టైమివ్వండి అని కంపెనీలకి చెప్పింది.

బాబాయ్: అది న్యాయం. ఫిల్టర్ ఉండాలి, కానీ సెన్సర్ పోయిందని మనిషిని రోడ్డు మీద నిలబెట్టకూడదు.

హోస్ట్: ఇప్పుడు బావకి మందు రాయి.

బాబాయ్: మొదట డిప్‌స్టిక్. లెవెల్ పెరిగి ఉంటే ఆయిల్ మార్చండి, కంపెనీ చెప్పిన తక్కువ బూడిద ఆయిలే పోయండి. ఎందుకంటే మసి కాలుతుంది గానీ ఆయిల్ నుంచి వచ్చే బూడిద కాలదు, అది డబ్బాలోనే ఉండిపోతుంది, ఎప్పటికో ఒకప్పటికి డబ్బా విప్పి కడిగించక తప్పదు. మామూలు ఆయిల్ పోస్తే ఆ రోజు తొందరగా వస్తుంది. తర్వాత, వారానికోసారి అరగంట హైవే, కుదిరితే ట్రెయిలర్ తగిలించి. దిగుడు రోడ్డులో పొగ దారి బిగించి వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేక్ వాడండి, బ్రేకులు మిగులుతాయి, టర్బోలో కదిలే రెక్కలు మసికి అంటుకుపోకుండా ఉంటాయి. స్కూలుకి...

బావ: స్కూలుకి?

బాబాయ్: స్కూలుకి ఇంకో కారు లేదా ఇంట్లో?

బావ: ఉంది. మా ఆవిడ తీసుకెళ్తుంది అది.

హోస్ట్: అక్కకి చెప్పడం నావల్ల కాదు, నన్ను మధ్యలోకి లాగకండి.

(ఫోన్ మోగింది.)

బాబాయ్: ఒక్క నిమిషం, ఇతను పొద్దున్నే చేశాడు. చెప్పరా... ఏ లైటు? పసుపా ఎరుపా? పసుపు. డబ్బా గుర్తులో చుక్కలున్నాయా, ఆ, అదే. ఎక్కడున్నావు? కాజ టోల్ దాటి పక్కన ఆపావా? ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి గంట నుంచి కూర్చున్నావా! ఓరి నీ... ఆపి కూర్చుంటే అది ఎలా పోతుందిరా. లోడ్ ఉందా? ఉంది. నాలుగో గేరులో పెట్టు, అరవై తగ్గనివ్వకు, గుంటూరు బైపాస్ మీదుగా చిలకలూరిపేట వైపు పోనివ్వు. టీకి ఆగొద్దు. ఎర్ర లైటు వస్తే మాత్రం పక్కన ఆపి, ఇంజిన్ ఆపేసి నాకు చెయ్యి... ఏంటీ? గుంటూరులోనే దించాలా? ముందు అటు పోయి రా, వచ్చేటప్పుడు దించుకో. సేటుకి నేను ఫోన్ చేస్తాలే.