మస్కీ ట్రోలింగ్ సామాను: సెయింట్ క్లెయిర్ సరస్సులో రెండు సీజన్లు వాడాక నా రివ్యూ

నమస్తే అండీ. ఇప్పుడు నేను మిషిగన్‌లో సెయింట్ క్లెయిర్ సరస్సులో పడవ మీద ఉన్నాను, అక్కడి నుంచే ఈ వీడియో. ఇటు అమెరికా, అటు కెనడా. ట్రాయ్‌లోనో నోవైలోనో ఉండే మన తెలుగువాళ్ళు కారెక్కితే గంటలో ఇక్కడికి వచ్చేయొచ్చు. ఈ సరస్సులో మస్కీ అనే మంచినీటి చేప ఉంది. పొడుగ్గా ఉంటుంది, మన వాలుగలాగే నోటి నిండా పళ్ళు. పదివేల సార్లు గాలం విసిరితే ఒకటి దొరుకుతుందని ఇక్కడివాళ్ళు అంటారు. అందుకే చాలామంది విసరడం మానేసి ట్రోలింగ్ చేస్తారు, అంటే కదిలే పడవ వెనక ఎరను లాగుతూ పోతారు.

ముందుగా రీల్, అంటే గాలం కర్రకు (రాడ్‌కు) బిగించి దారం చుట్టుకునేది. లైన్ కౌంటర్ ఉన్న రీల్ తప్ప వేరేది కొనకండి. దారం ఎన్ని అడుగులు బయటికి వెళ్ళిందో అది అంకెల్లో చూపిస్తుంది. ఒక చేప 45 అడుగుల దగ్గర పడిందంటే మిగతా రాడ్లనూ అక్కడికే మార్చుకోవచ్చు. నా దగ్గర ఒకుమా కన్వెక్టర్లు రెండు, షిమానో టెకోటా ఒకటి ఉన్నాయి. టెకోటా ధర రెండింతలకు పైనే. తిప్పుతుంటే ఆ నునుపు చేతికి తెలుస్తుంది, నిజమే. కానీ మొదటిసారి కొనేవాళ్ళకు కన్వెక్టర్ చాలు, మిగిలిన డబ్బుకు వేరే పని ఉంది, చివర్లో చెప్తాను.

కౌంటర్ గురించి ఒక్క మాట. అది దారాన్ని కొలవదు, కండె ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడుతుంది. కండె నిండుగా ఉంటే ఒక చుట్టుకు ఎక్కువ దారం వెళ్తుంది, సగమే ఉంటే తక్కువ వెళ్తుంది. కాబట్టి రెండు రీళ్ళూ 50 అని చూపిస్తున్నా నీళ్ళలో ఎరలు ఒకే దూరంలో ఉన్నాయన్న గ్యారంటీ లేదు. అన్ని రీళ్ళకూ ఒకే దారం, అంచు దాకా ఒకే నిండుగా చుట్టండి. నేను మొదటి సీజన్ అంతా ఇది తెలియకుండానే తిరిగాను.

దారం 80 పౌండ్ల బ్రెయిడ్, అంటే సన్నని పోగులతో అల్లిన దారం వాడుతున్నాను. బ్రెయిడ్ సాగదు. పడవ గంటకు 4 మైళ్ళ వేగంతో పోతుండగా పెద్ద చేప కొడితే ఆ దెబ్బంతా గాలం మీదే పడి, నోరు చిరిగి చేప తప్పించుకుంటుంది. అందుకని ఎనిమిదడుగుల రాడ్, అదీ బాగా వంగేది తీసుకోండి, డ్రాగ్ (చేప గట్టిగా లాగితే దారం వదిలే రీల్ బ్రేకు) కొంచెం వదులుగా పెట్టండి. ఎరకు ముందు 100 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్, అంటే పళ్ళకు తట్టుకునే మందపాటి దారం ముక్క, మూడు నాలుగు అడుగులు ఉండాలి, లేకపోతే ఆ పళ్ళకు బ్రెయిడ్ ఒక్క క్షణం కూడా ఆగదు. లీడర్‌కు ఎరను తగిలించే కొక్కెం, అదే స్నాప్, దాని దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. పోయినేడాది అక్టోబరులో ఒక చవక స్నాప్ తెరుచుకుని చేప నా ఎరతో సహా వెళ్ళిపోయింది. చేప పోయినందుకు కాదు, నోట్లో ఆ గాలాలతో అది ఎలా తింటుందోనని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఎరల్లో నాకు బాగా పనిచేసింది బిలీవర్ అనే ప్లాస్టిక్ చేప, ఎనిమిది అంగుళాలది. దారం కట్టడానికి దానికి రెండు రింగులు ఉంటాయి. ఒకదానికి కడితే పైపైన ఈదుతుంది, రెండోదానికి కడితే ఇంకా లోతుకు దిగుతుంది. సరస్సు సగటు లోతు 11 అడుగులే కాబట్టి ఎర అడుక్కి తగలకుండా ఉండటం ముఖ్యం.

ఇక్కడ అసలు సమస్య నాచు. 1988లో ఈ సరస్సులోనే జీబ్రా మస్సెల్స్ అనే చిన్న చారల ఆల్చిప్పలు మొదటిసారి కనిపించాయి. అవి నీటిని వడగట్టి తేటగా చేశాయి, ఎండ అడుగు దాకా దిగి నాచు బాగా పెరిగింది. తెగిన నాచు తేలుతూ వచ్చి ఎరకు చుట్టుకుంటే ఆ ఎర ఇక ఊగదు, దాన్ని ఏ చేపా పట్టుకోదు. ఇప్పుడు ఈ రాడ్ కొస చూడండి. సన్నగా, ఆగకుండా అదురుతోంది కదా? ఎర సరిగ్గా ఈదుతోందన్నమాట. పక్కదాన్ని చూడండి, బరువుగా వంగింది కానీ అదురు లేదు. నాచు పట్టింది, వెంటనే దారం చుట్టేసి నాచు తీసేయాలి. మొత్తం ట్రోలింగ్‌లో నేర్చుకోవాల్సింది ఒక్కటే చెప్పమంటే నేను ఇదే చెప్తాను. ఫోన్ పక్కన పెట్టి రాడ్ కొసలు చూడండి.

మిషిగన్‌లో మనిషికి మూడు రాడ్లు వేయొచ్చు. నేను ఒకటి ప్రొపెల్లర్ నురగలోనే, పడవకు పది పదిహేను అడుగుల వెనక ఉంచుతాను. ఇంత దగ్గరా అని అడుగుతారు. ఇంజిన్ చప్పుడుకు మస్కీ భయపడదు, నేను పట్టిన వాటిలో పెద్దది ఆ రాడ్‌కే పడింది. మిగతా రెండింటి దారాలూ ప్లేనర్ బోర్డుల మీద, అంటే దారాన్ని పడవకు దూరంగా లాక్కెళ్ళే తేలే పలకల మీద, పక్కలకు వెళ్తాయి. చిన్న బోర్డుకు మరీ పెద్ద ఎర కడితే ఆ బరువుకు బోర్డు వెనక్కి జారుతుంది, అది చూసుకోండి.

నేరుగా మాత్రం నడపకండి. పడవ మలుపు తిరిగితే బయటి వైపు ఎర వేగం అందుకుంటుంది, లోపలి వైపుది నెమ్మదిస్తుంది. చేప దేనికి పడిందో గుర్తుపెట్టుకుంటే ఆ రోజు ఏ వేగం కావాలో తెలిసిపోతుంది.

ఇక మిగిలిన డబ్బు. దాంతో రబ్బరు పూత ఉన్న పెద్ద వల, పొడవాటి ప్లయర్, గాలం ముక్క చేసే గట్టి కట్టర్ కొనండి. ఇక్కడ మస్కీ 42 అంగుళాలు ఉంటేనే ఉంచుకోవచ్చు, అది కూడా ఏడాదికి ఒక్కటే. నేను ఒక్కటి కూడా ఉంచుకోలేదు. 2006లో వీహెచ్‌ఎస్ అనే వైరస్ వచ్చి ఈ సరస్సులో చాలా మస్కీలు చచ్చిపోయాయి. చిన్న మస్కీ పెద్దదిగా ఎదగడానికి ఏళ్ళు పడుతుంది. అందుకే చేపను వలలోనే, నీళ్ళలోనే ఉంచి గాలం తీయండి. రాకపోతే లాగొద్దు, కట్టర్‌తో తెంపేయండి. ఫొటోకు ఐదారు క్షణాలు చాలు, రెండు చేతులతో అడ్డంగా పట్టుకోండి. వదిలేటప్పుడు తోక దగ్గర పట్టుకుని ఉండండి, అది తనంతట తాను విదిలించుకుని వెళ్ళేదాకా.

నీళ్ళ వేడి 80 ఫారెన్‌హీట్‌కు చేరితే మస్కీ జోలికి వెళ్ళకండి. ఎంత జాగ్రత్తగా వదిలినా అలసటతో చచ్చిపోవచ్చు. ఆ రోజుల్లో నేను, మా అబ్బాయి ఇదే సరస్సులో స్మాల్‌మౌత్ బాస్ అనే వేరే చేపకు గాలం వేస్తాం.