రాత్రి వార్తలు పొద్దున చూసేవాళ్లు

అందరికీ నమస్కారం.

పరాయి దేశంలో సొంత భాష చానల్ అనగానే మనకు అమెరికాలో తెలుగువాళ్ల ఇళ్లే గుర్తొస్తాయి. నేను చెప్పబోయేది జపాన్‌లో, బ్రెజిల్‌వాళ్ల భాష పోర్చుగీసులో నడిచిన చానల్ గురించి. పేరు ఐపీసీ టీవీ. 1996లో మొదలై, బ్రెజిల్ గ్లోబో చానల్ కార్యక్రమాలను శాటిలైట్ ద్వారా అక్కడి బ్రెజిలియన్ల ఇళ్లకు చేర్చింది.

జపాన్‌లో బ్రెజిలియన్లేమిటని అడుగుతారు. 1908లో కసాటో మారు అనే ఓడ 781 మంది జపాన్‌వాళ్లను కోబె నుంచి బ్రెజిల్‌లోని సాంతోస్ రేవుకు తీసుకెళ్లింది, కాఫీ తోటల్లో కూలి పనికి. మనవాళ్లు బర్మాకూ, మారిషస్‌కూ ఓడలెక్కిన కాలమే ఇంచుమించు. ఆ ఓడెక్కినవాళ్ల మనవలు పోర్చుగీసు మాట్లాడుతూనే పెరిగారు. 1990లో జపాన్ చట్టం మార్చి, మూడో తరం దాకా వచ్చి పనిచేసుకోవచ్చంది. ఫ్యాక్టరీలకు మనుషులు కావాలి మరి. హమామత్సు, తొయోతా, ఓయిజుమి ఊళ్లకు జనం తరలివచ్చారు. 2007 నాటికి 3 లక్షలు దాటారు. బ్రెజిల్‌లో వీళ్లను ‘జపొనేస్’ అని పిలిచేవారు. తాతల దేశానికి వస్తే ఇక్కడ ‘గైజిన్’ అన్నారు, అంటే పరాయివాడు.

రెండు దేశాలకూ మామూలుగా 12 గంటల తేడా. బ్రెజిల్‌లో రాత్రి వార్తలు మొదలయ్యేసరికి జపాన్‌లో మర్నాడు పొద్దున. నైట్ షిఫ్ట్ దిగినవాడు గుమ్మం దగ్గర బూట్లు విడిచి, కాఫీ కలుపుకుని టీవీ పెడితే సొంత ఊళ్లో నిన్నటి రోజు ఇంకా అయిపోలేదు. ఈ దృశ్యం తలచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

అయితే ఊరి కబుర్లు ఒక్కటే చాలవని నా గట్టి నమ్మకం. బడి నుంచి వచ్చిన చీటీ జపనీస్‌లో ఉంటుంది, అమ్మకు చదవడం రాదు. చెత్త ఏ రోజు ఏది వేయాలో చెప్పే బోర్డూ అంతే. పదేళ్ల పిల్లాడే ఇంటికి దుబాసీ. విదేశీ పిల్లలకు అక్కడ బడి చట్టప్రకారం తప్పనిసరి కాదు కాబట్టి ఆ చీటీ అర్థంకాక బడే మానేసిన పిల్లలూ ఉన్నారు.

2008 చివర్లో మాంద్యం వచ్చింది. ఇల్లు ఇచ్చేది కూడా చాలామందికి పనిలో పెట్టిన కాంట్రాక్టరే. పని పోయిన నెలలోనే ఇల్లూ పోయింది. 2009లో జపాన్ ప్రభుత్వం, బ్రెజిల్‌కు వెళ్లిపోతే ఒక్కొక్కరికి 3 లక్షల యెన్లు, వాళ్ల మీద ఆధారపడినవారికి 2 లక్షలు ఇస్తామంది. షరతు, జపాన్ సంతతివాళ్లకని ఇచ్చిన ఆ వీసాతో మళ్లీ రాకూడదు. ఇంత పెద్ద నిర్ణయం. ఆ కాగితం మీద సంతకం పెట్టే ముందు దానర్థం సొంత భాషలో ఎవరైనా విడమరిచి చెప్పాలా వద్దా?

సునామీ హెచ్చరికలో ‘తకదాయి’ అంటారు. ఎత్తైన చోటు అని. ఫ్యాక్టరీలో ‘త్వరగా’, ‘ఓవర్‌టైం’ అనే మాటలు నేర్చుకున్నవాడికి ఈ మాట ఎప్పుడు వినబడుతుంది? 1995 కోబె భూకంపం తర్వాతే అక్కడి భాషావేత్తలు ఈ ఇబ్బంది గుర్తించి, తేలిక జపనీస్ తయారుచేయడం మొదలుపెట్టారు.

మన గల్ఫ్ కార్మికుల ఫోన్లలో తెలుగు సినిమాలు, సీరియళ్లకు కొదవ లేదు. పాస్‌పోర్ట్ యజమాని లాక్కుంటే ఎక్కడికి వెళ్లాలో రోజూ తెలుగులో చెప్పే అరగంట కావాలి. ఈ హాల్లో చానళ్లలో పనిచేసే మిత్రులున్నారు. టీ తాగేటప్పుడు దాని గురించి మాట్లాడుకుందాం, నేను ఇక్కడే ఉంటాను.