పెనుకొండ కారు, 2045 మాట: కియా విద్యుత్ ప్రయాణం ఎంతవరకు వచ్చింది?

[తెరపై: హైదరాబాద్–బెంగళూరు జాతీయ రహదారి. కొండ మీద పెనుకొండ కోట. ఎర్రమంచి దగ్గర ఫ్యాక్టరీ షెడ్లు.]

వ్యాఖ్యాత: 2025 జులైలో కొరియా కంపెనీ కియాకు చెందిన ఈ ఫ్యాక్టరీ నుంచి ఒక కొత్త కారు మార్కెట్‌లోకి వచ్చింది. పేరు కారెన్స్ క్లావిస్ ఈవీ. మన దేశంలో తయారైన కియా మొదటి విద్యుత్ కారు ఇదే. ధర 17.99 లక్షల రూపాయల దగ్గర మొదలైంది. అంతకు ముందు కియా విద్యుత్ కారు కావాలంటే దిగుమతి సరుకే దిక్కు. 2022లో వచ్చిన ఈవీ6 దాదాపు 60 లక్షలు, 2024లో వచ్చిన ఈవీ9 కోటీ ముప్ఫై లక్షలు. అనంతపురంలో ఆ డబ్బుకు మంచి ఇల్లే వస్తుంది.

అయితే ఇదే ఆవరణలో సెల్టోస్, సోనెట్ కూడా తయారవుతున్నాయి. అవి పెట్రోలు, డీజిల్ కార్లు. మరోవైపు కంపెనీ 2045 నాటికి కార్బన్ తటస్థతకు, అంటే వెలువడే కర్బనం, భర్తీ చేసే కర్బనం సమానమయ్యే స్థితికి, చేరతామని మాట ఇచ్చింది. ఆ మాటలో గట్టిదెంత, గాలిదెంత? లెక్క తీద్దాం.

[తెరపై: పాత సైకిల్ బొమ్మ. కింద '1944, సియోల్'.]

కియా 1944లో సైకిల్ విడిభాగాలు తయారు చేసే చిన్న సంస్థగా మొదలైంది. తర్వాత కార్లలోకి వచ్చింది, 1990ల చివర్లో ఆసియా ఆర్థిక సంక్షోభానికి దివాలా తీసింది, హ్యుందాయ్ చేతికి వెళ్లింది. పెద్ద సంఖ్యలో తయారు చేసిన తొలి విద్యుత్ కారు 2011లో వచ్చిన రే ఈవీ అనే బుల్లి కారు. అందులో బ్యాటరీ 16.4 యూనిట్లది, ఒక్క చార్జింగ్‌తో 139 కిలోమీటర్లు వెళ్తుందన్నారు. ఇప్పుడు క్లావిస్ ఈవీలో పెద్ద బ్యాటరీ 51.4 యూనిట్లది, కంపెనీ లెక్కలో 490 కిలోమీటర్లు. ఏసీ వేసుకుని, ఏడుగురు ఎక్కి, ఘాట్ రోడ్డు పట్టుకుంటే అంత రాదని వేరే చెప్పనక్కర లేదు.

అసలు మలుపు 2020, 2021ల్లో వచ్చింది. 2020 జనవరిలో విద్యుత్ కార్ల వైపు మళ్లేందుకు 'ప్లాన్ ఎస్' అనే ప్రణాళిక ప్రకటించారు. ఏడాది తర్వాత కంపెనీ పేరులో నుంచి 'మోటార్స్' తీసేశారు. ఆ వెంటనే ఈవీ6 వచ్చింది. పెట్రోలు కారుకు బ్యాటరీ తగిలించకుండా, విద్యుత్ కారు కోసమే గీసిన వేదిక (కారు అడుగు చట్రం) మీద కట్టిన కారు అది. 2022లో ఐరోపాలో ఆ ఏటి మేటి కారుగా ఎంపికైంది. కొరియా కంపెనీకి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

[తెరపై: రెండు కేబుళ్లు పక్కపక్కన. ఒకదాని మీద '400 వోల్టులు, 500 ఆంపియర్లు', రెండోదాని మీద '800 వోల్టులు, 250 ఆంపియర్లు'.]

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఈవీ6లో మెచ్చుకోవలసిన విషయం దాని 800 వోల్టుల వ్యవస్థ. చాలా విద్యుత్ కార్లు 400 వోల్టుల దగ్గరే ఉంటాయి.

వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చేది విద్యుత్ సామర్థ్యం (పవర్). 200 కిలోవాట్ల వేగంతో చార్జ్ చేయాలంటే 400 వోల్టుల దగ్గర 500 ఆంపియర్లు పారాలి. వోల్టులు రెట్టింపు చేస్తే 250 చాలు. తీగలో పుట్టే వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి ఉంటుంది. అంటే కరెంటు సగమైతే, అదే తీగలో వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. వేడి తక్కువైతే కేబుల్ సన్నగా ఉన్నా సరిపోతుంది, చార్జర్ వేగం తగ్గించుకోవలసిన అవసరమూ తక్కువే. అందుకే తగిన చార్జర్ దొరికితే ఈవీ6 బ్యాటరీ 10 నుంచి 80 శాతానికి 18 నిమిషాల్లో చేరుతుందని కంపెనీ చెబుతుంది.

పెనుకొండలో తయారయ్యే క్లావిస్ ఈవీకి ఆ వేదిక లేదు. పెట్రోలు కారెన్స్ దేహానికే అడుగున బ్యాటరీ అమర్చారు. 100 కిలోవాట్ల చార్జర్ మీద అదే 10 నుంచి 80 శాతానికి 39 నిమిషాలు పడుతుంది. దీన్ని నేను లోపం అనను. కొత్త వేదికకు పెట్టే ఖర్చు మిగిలింది కాబట్టే ధర 18 లక్షల లోపు మొదలైంది. 18 నిమిషాల కారు 60 లక్షలైతే మన రోడ్ల మీద పొగ ఎంత తగ్గుతుంది చెప్పండి?

[తెరపై: '2019తో పోలిస్తే 97 శాతం కోత' అనే అక్షరాలు.]

ఇక 2045 మాట. 2021 నవంబరులో కంపెనీ అధ్యక్షుడు సాంగ్ హో-సంగ్ దీన్ని ప్రకటించారు. 2019లో ఎంత కర్బనం విడుదలైందో అందులో 97 శాతం తగ్గిస్తారు. మిగిలిన 3 శాతాన్ని ఇతర మార్గాల్లో భర్తీ చేస్తారు. కొరియా తీరంలోని బురద నేలల పునరుద్ధరణ అలాంటి పనే. పత్రికల్లో ఫొటోలన్నీ ఆ బురద నేలలవే వస్తాయి. కంటికి ఇంపుగా ఉంటాయి కదా! కానీ మనం చూడవలసింది ఆ 97.

అందులో ఫ్యాక్టరీల వాటా చిన్నది. చిన్నదే అయినా తేలిక కాదు. కారు ఫ్యాక్టరీలో ఎక్కువ శక్తిని మింగేది రంగులు వేసే విభాగం. కారు దేహాన్ని రసాయన తొట్టిలో ముంచి, ఓవెన్‌లో కాల్చి, మళ్లీ రంగు వేసి, మళ్లీ కాలుస్తారు. ఓవెన్‌లో వేడి 140 డిగ్రీల దాకా, కొన్ని పొరలకు అంతకు మించి కావాలి. పైగా రంగు మీద దుమ్ము పడకుండా గాలిని వడగట్టి, దాని వేడిని, తేమను అదుపులో ఉంచాలి. అదీ రాయలసీమ ఎండలో. విదేశీ ప్లాంట్లకు 2030 కల్లా, కొరియా ప్లాంట్లకు 2040 కల్లా పూర్తిగా పునరుత్పాదక విద్యుత్తే వాడాలన్నది 2021 నాటి లక్ష్యం. సియోల్ నుంచి చూస్తే మన పెనుకొండ కూడా విదేశమే. కాబట్టి ఆ 2030 గడువు ఇక్కడికీ వర్తిస్తుంది.

[తెరపై: ఒకవైపు పెట్రోలు బంకు, మరోవైపు చార్జింగ్ కేంద్రం. మధ్యలో '100 కిలోమీటర్లు'.]

పెద్ద పద్దు మాత్రం ఫ్యాక్టరీ గేటు బయట ఉంది. పెట్రోలు, డీజిల్ కార్లు అమ్మే ఏ పెద్ద కంపెనీని తీసుకున్నా, దాని కర్బన ఉద్గారాల్లో మూడు వంతులకు పైగా అమ్మిన కార్లు రోడ్డు మీద తిరిగేటప్పుడు వచ్చేవే. మొత్తం కర్బనంలో మూడు వంతులంటే నాలుగింట మూడు. అంటే కారు కొన్న మీరు వెలువరించే పొగ కూడా కియా ఖాతాలోకే వెళుతుంది.

ఉదాహరణకు లీటరుకు 14 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారు 100 కిలోమీటర్లకు ఏడు లీటర్లు తాగుతుంది. లీటరు పెట్రోలు కాలితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మొత్తం 16 కిలోలు. ముడిచమురు తవ్వకం, శుద్ధి కలిపితే ఇంకా ఎక్కువ. అంతే దూరానికి విద్యుత్ కారు 15 యూనిట్లు వాడుతుందనుకుందాం. చార్జర్‌లో, లైన్లలో పోయేది కలిపి 18 యూనిట్లు ఉత్పత్తి చేయాలి. మన దేశంలో బొగ్గుదే పెద్ద వాటా కాబట్టి యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు. మొత్తం 13 కిలోల లోపు.

తగ్గింది, నిజమే. కానీ ప్రకటనల్లో చూపించే 'సున్నా' ఎక్కడుంది? దానికి కరెంటు మారాలి. ఫ్యాక్టరీ ఉన్న ఈ శ్రీ సత్యసాయి జిల్లాలోనే, నంబులపూలకుంట దగ్గర ఎన్టీపీసీ 2016లోనే 250 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రాన్ని నడపడం మొదలుపెట్టింది. ఎండకు కొదవ లేదు. చిక్కల్లా ఎక్కడంటే, ఎండ మధ్యాహ్నం కాస్తుంది, మనం కారును రాత్రి ఇంటికొచ్చాక చార్జింగ్‌కు పెడతాం. పగలు ఆఫీసు పార్కింగ్‌లో ప్లగ్గు దొరికిన వాడి కారుకు, రాత్రి అపార్టుమెంట్‌లో చార్జ్ అయ్యే కారుకు పొగ లెక్క ఒకటి కాదు. ఇది ఏ కార్ల కంపెనీ చేతిలోనూ ఉన్న పని కాదు.

[తెరపై: మూడు స్తంభాలు. 2022: 12 లక్షలు. 2023: 16 లక్షలు. 2025: 12.6 లక్షలు.]

ఇక కంపెనీ చేతిలో ఉన్నది: ఎన్ని విద్యుత్ కార్లు అమ్మాలన్నది. ఈ మూడు అంకెలూ 2030లో అమ్మాలనుకున్న విద్యుత్ కార్లవే. 2022లో 12 లక్షలన్నారు. మరుసటి ఏడాది హుషారుగా 16 లక్షలకు పెంచారు. 2025 ఏప్రిల్‌లో మళ్లీ 12.6 లక్షల దగ్గరికి దించారు. విద్యుత్ కార్ల గిరాకీ అనుకున్నంత వేగంగా పెరగలేదు. ఆ లోటు పూడ్చడానికి హైబ్రిడ్లను, అంటే ఇంజిన్‌కు తోడు బ్యాటరీ, మోటారు కూడా ఉండే కార్లను, ముందుకు తెచ్చారు.

మధ్యలో అంకెలు ఇలా పైకీ కిందికీ కదిలినా 2045 మాత్రం చెక్కు చెదరలేదు. దూరంగా ఉన్న గడువును నిలబెట్టడానికి ఖర్చేమీ ఉండదు మరి. అందుకే నేను 2045ని కాదు, 2030 అంకెనే పట్టించుకుంటాను.

కారణం ఆయుష్షు. మన దగ్గర సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత పునరుద్ధరించుకుని నడిపేవారూ ఉన్నారు. ఐరోపాలో 2035 నుంచి, మిగతా ప్రధాన మార్కెట్లలో 2040 నుంచి విద్యుత్ కార్లే అమ్ముతామని కియా 2021లో చెప్పింది. సరే, 2039లో ఒక డీజిల్ కారు అమ్మారనుకోండి. అది 2054 దాకా తిరుగుతుంది. తటస్థత గడువు దాటి తొమ్మిదేళ్లు! హైబ్రిడ్ అయినా అంతే, పొగ తక్కువ, ఆయుష్షు మాత్రం అదే.

[తెరపై: బ్యాటరీ సెల్స్ దగ్గరి దృశ్యం.]

పెనుకొండ వరకు చూస్తే తర్వాతి అడుగు బ్యాటరీలో ఉంది. విద్యుత్ కారు ధరలో అన్నిటికన్నా బరువైన భాగం అదే. భారత్‌లో అమ్మే కార్ల కోసం ఇక్కడే ఎల్ఎఫ్‌పీ సెల్స్ తయారు చేయించుకునేందుకు హ్యుందాయ్, కియా 2024 ఏప్రిల్‌లో ఎక్సైడ్ ఎనర్జీతో అవగాహన ఒప్పందం చేసుకున్నాయి. ఎల్ఎఫ్‌పీ అంటే ఇనుము, ఫాస్ఫేట్ వాడే రకం. కోబాల్ట్, నికెల్ అక్కర్లేదు కాబట్టి చవక. ఆ సెల్స్‌తో కారు 18 లక్షల నుంచి 12 లక్షలకు దిగితే సోనెట్ కొనేవాడు కూడా ఇటు చూస్తాడు. దిగకపోతే ఎర్రమంచి గేటు నుంచి పెట్రోలు, డీజిల్ బండ్లే ఎక్కువగా బయటికొస్తాయి.